కాలిన ఏసీలో దగ్గు

పొద్దుగూకాక కాలిన ఏసీ ముందు బండి ఆపకూడదని మావైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఏసీ అంటే ఇంట్లో చల్లదనానికి పెట్టుకునేది కాదు. మిర్చి బస్తాలు దాచే కోల్డ్ స్టోరేజీని మేము ఏసీ అనే అంటాం. పర్చూరు నుంచి చిలకలూరిపేట వెళ్లే దారిలో ఒకచోట అటూ ఇటూ పత్తిచేలు తప్ప ఇల్లూ వాకిలీ కనపడదు. ఆ చేల మధ్యలో నల్లగా నాలుగు గోడలు... పైకప్పు లేదు. ఇనప దూలాలు మైనంలాగా వంగిపోయి కిందికి వేలాడుతుంటాయి.

అది అంటుకున్నప్పుడు లోపల మిర్చి నిండుగా ఉంది. మంట ఆరినా పొగ ఆరలేదు. పక్క ఊళ్లవాళ్లు పిల్లల్నీ గొడ్లనీ తోలుకుని చుట్టాలిళ్లకు పోయారు. లోపల తొడిమలు తీస్తున్న కూలోళ్లందరూ ఎలాగో బయటపడ్డారు — ఎలీసమ్మ అనే ఆమె తప్ప.

ఆ తర్వాత మొదలైంది.

గాలి కదలని రాత్రి, రోడ్డు మీద మరో బండి లేనప్పుడు... లోపల్నుంచి దగ్గు. ఆగి, ఆగి — గొంతు చీరుకుపోయేటట్టు. ఆడమనిషిదో మగమనిషిదో తెలియని దగ్గు. విన్నవాళ్లు ఎలీసమ్మే అన్నారు. ఇంకెవరుంటారు అక్కడ?

ఇదంతా నాకు తెలిసిందే. తెలియంది యలమంద చెప్పాడు. నా మిర్చి గుంటూరు యార్డుకి తోలేది అతని వ్యానులోనే. ఒకసారి బస్తాలతో పాటు నేనూ ఎక్కాను. కాలిన ఏసీ దగ్గరికి వచ్చేసరికి అతను వేగం పెంచలేదు. తగ్గించాడు. దగ్గు వినపడుతుందేమోనని నేను అద్దం పైకెత్తుతుంటే, "ఎందుకండీ... ఇప్పుడు అక్కడెవరూ లేరు," అన్నాడు.

ఆ రాత్రి గుంటూరు చేరేదాకా చెబుతూనే ఉన్నాడు.

యలమందకి ఒకటే పిచ్చి — గరుకు.

గరుకు అంటే రాక్ బ్యాండు. వినుకొండ కుర్రాడు శ్రీకృష్ణ, అతనితో పాటు ఇంకో ముగ్గురు. గిటార్లు, డ్రమ్ములు, చెవులు అదిరిపోయే చప్పుడు. "నలభై దాటినవాడివి, ఈ గోలేంట్రా" అని ఇంట్లో తిట్టినా యలమంద మానలేదు. వాళ్లు ఊరూ పేరూ లేని రోజుల్లో వినుకొండలో ఏదో కాలేజీ వార్షికోత్సవానికి పాడితే, వానలో తడుస్తూ చివరిదాకా నిలబడిన కాసిని మందిలో ఇతనొకడు. ఆ వేళ శ్రీకృష్ణ స్టేజీ దిగి వచ్చి ఇతన్ని కావలించుకున్నాడట. అంతే, ఇక వదల్లేదు. వాళ్లెక్కడ పాడితే అక్కడికి — ఒంగోలు, నెల్లూరు, విజయవాడ — కిరాయి మానుకుని వెళ్లాడు.

అన్నిటికన్నా 'ఘాటు' పాటంటే ప్రాణం అతనికి. మిర్చి కూలోళ్ల మీద పాట అది. 'తొడిమ తుంచిన వేళ్లకు తెలుసు మంటది ఏ రంగో' అని మొదలవుతుంది. యలమంద తల్లి బతికున్నన్నాళ్లూ తొడిమలు తీసి, ఆ చేతుల్తో అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నది. ఆ పాట విన్నప్పుడల్లా, మా అమ్మని చూసినట్టు రాశాడండీ, అనేవాడు.

అలాంటి గరుకు వాళ్లు కాలిన ఏసీ ముందున్న ఖాళీ జాగాలో పాడతారని తెలిసింది. దెయ్యం కొంపలో రాక్ అని పోస్టర్లు పడ్డాయి. ముందుగా ఒక చిన్న వీడియో కూడా వదిలారు. ఒక రాత్రి మైకులు పట్టుకుని అక్కడ కాపలా కాసి, నిజంగానే దగ్గు రికార్డు చేశారట. అదీ ఆ వీడియోలో ఉంది. ఫోన్లన్నీ దాంతోనే మోగాయి.

యలమందకి ఆ పోస్టరు కొంచెం గుచ్చుకుంది. కానీ మనసుకి సర్దిచెప్పుకున్నాడు. జనం రావాలంటే ఏదో ఒక ఆర్భాటం ఉండాలి, పాట మొదలైతే అదే తెలుస్తుంది అనుకున్నాడు. అక్కడితో ఆగాడా... తోమాని కూడా రమ్మన్నాడు.

తోమా ఎలీసమ్మ మొగుడు.

యలమంద వ్యానుకి బస్తాలెత్తే ముఠాలో మనిషి. యాభై దాటాయి. మాట తక్కువ. ఉన్న మాట కూడా సన్నగా, గీసుకుపోయిన గొంతుతో. దగ్గుతాడు — కానీ మిర్చి బస్తాలు మోసేవాళ్లలో దగ్గనివాడెవడు? ఎవరూ పట్టించుకోలేదు.

"మన కూలోళ్ల మీద ఇంత మంచి పాట ఇంకోటి లేదన్నా," అన్నాడట యలమంద. "వదిన పోయిన చోటే పాడుతున్నారు. ఆమె కోసమే అనుకో."

 "అక్కడ అంతమంది జనం దేనికి యలమందా?" అన్నాడు తోమా.

"నీకెందుకన్నా, ముందు వరసలో కూచోబెడతా."

"కూచోనులే. వస్తాను."

అక్కడ జనం ఉంటారు గనక వస్తానన్నాడని యలమందకి అప్పుడు తెలియదు.

ఆ సాయంత్రం రోడ్డుకి రెండువైపులా మోటారు సైకిళ్లు. చేలో పత్తి తీయకముందే తొక్కేశారు. విరిగిన మొక్కలకి తెల్లటి పత్తి అలాగే ఉంది, బురద బూట్ల కింద. గుంటూరు నుంచి, చీరాల నుంచి, ఇంజినీరింగ్ కాలేజీల నుంచి కుర్రకారు. నల్ల చొక్కాలు. కొందరు మొహాలకు మసి పూసుకొచ్చారు. ఒకమ్మాయి తెల్లచీర కట్టుకుని, జుట్టు విరబోసుకుని, చీర కొంగు మీద ఎర్ర రంగు చల్లుకుని ఫొటోలు దిగుతోంది. చుట్టూ ఉన్నవాళ్లు ఎలీసమ్మా, ఇటు చూడు... ఎలీసమ్మా, నవ్వు... అంటున్నారు.

యలమంద పక్కకి చూశాడు. తోమా నేల చూస్తూ నడుస్తున్నాడు. విన్నాడో లేదో.

మొదటి పాటకి మాత్రం యలమంద ఒళ్లు మరిచిపోయాడు. అబద్ధం చెప్పనండీ, అన్నాడు నాతో. డ్రమ్ము దెబ్బ పడితే నేల కదిలింది. గిటారు తీగ లాగితే వెన్నులో జలదరింపు. శ్రీకృష్ణ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి, కళ్లు మూసుకుని గొంతెత్తితే, వేలమంది ఒకే నోటితో అందుకున్నారు. వినుకొండ వానలో విన్న గొంతు అదే. యలమంద ఏడుస్తూ పాడాడు.

రెండో పాటకి శ్రీకృష్ణ నీళ్ల సీసా ఎత్తి తాగి, పుక్కిలించి ముందు వరస మీదకి ఉమ్మాడు. కుర్రాళ్లు ఆ ఉమ్మి కోసం మొహాలు ఎత్తారు. తుంపర యలమంద పెదవి మీద పడింది. తుడుచుకున్నాడు. ఎందుకో ఇంకోసారి కూడా తుడుచుకున్నాడు.

తర్వాత 'ఘాటు' వచ్చింది.

పాట మొదలవ్వలేదు. లైట్లు ఆర్పేశారు. తాటిచెట్టంత ఎత్తున్న రెండు స్పీకర్లలోంచి — దగ్గు.

ఫోను వీడియోలో విన్న దగ్గే. కానీ ఇంత పెద్దగా... ఒక మనిషి ఊపిరితిత్తుల్లోకి చెవి పెట్టి విన్నట్టు. దగ్గు, దాని వెనక ఈల వేసినట్టు ఊపిరి, మళ్లీ దగ్గు. దాని మీద డ్రమ్ము పడింది. దగ్గుకో దెబ్బ.

"ఇది మనం కొట్టిన చప్పుడు కాదు," అన్నాడు శ్రీకృష్ణ మైకులో, గుసగుసగా. "ఆ వెనక గోడల్లోంచి వచ్చింది. ఎలీసమ్మ. ఇవాళ మనతో పాడుతుంది. అందరూ దగ్గండి."

జనం దగ్గారు. మొదట నవ్వుతూ. తర్వాత వరసగా, తాళానికి — ఖళ్, ఖళ్, ఖళ్...

స్టేజీ మీద రెండు ఇనప మూకుళ్లలో ఎండుమిర్చి పోసి అంటించారు. పొగ లేచింది. ముందు వరసలు నిజంగానే దగ్గడం మొదలెట్టాయి. కళ్లలోంచి, ముక్కుల్లోంచి నీళ్లు. ఒకడు వంగి కక్కాడు, కక్కినవాడు లేచి చేతులూపాడు. అందరూ చప్పట్లు. తెల్లచీర అమ్మాయిని భుజాల మీదకి ఎత్తారు.

  యలమందకి తల్లి చేతులు గుర్తొచ్చాయి. ఆ పాట ఎప్పుడు మొదలవుతుంది, ఆ వేళ్ల మాట ఎప్పుడంటాడు అని ఎదురు చూశాడు. శ్రీకృష్ణ ఆ మాట అనలేదు. ఆ పాటలో ఒక్క చరణమూ పాడలేదు. దగ్గే పాట.

"తోమన్నా, పోదాం పద," అని పక్కకి తిరిగాడు.

తోమా లేడు.

జనాన్ని తోసుకుని బయటపడటానికి చాలాసేపు పట్టింది. ఎవరిని అడిగినా చూడలేదన్నారు. ఒక కుర్రాడు ప్యాంటు సర్దుకుంటూ ఏసీ గోడ పక్కనుంచి వస్తున్నాడు. "ముసలాయనా? లోపలికి పోయాడు. అక్కడ ఉచ్చ పొయ్యొద్దని మామీద అరిచాడు. అరిచినా గొంతు రావట్లా," అని నవ్వుకుంటూ పోయాడు.

నిర్వాహకులు మరుగుదొడ్లు కట్టలేదు. ఇంతమంది కుర్రాళ్లకీ ఆ కాలిన గదులే దిక్కయ్యాయి.

సరిగ్గా అప్పుడే స్టేజీ మీద శ్రీకృష్ణ చెయ్యి ఎత్తాడు. డ్రమ్ము ఆగింది. గిటారు ఆగింది. జనం ఆగారు.

"నిశ్శబ్దం," అన్నాడు. "ఒక్కసారి... వినండి."

మైకులు ఆపేశారు. అంతమంది ఉన్నచోట చీమ చిటుక్కుమనలేదు. మిర్చి పొగ నెమ్మదిగా నల్లగోడల వైపు పోతోంది...

దగ్గు.

స్పీకర్లలోంచి కాదు. గోడల్లోంచి.

శ్రీకృష్ణ వెనక్కి తిరిగి సౌండు చూసే మనిషి వైపు చూశాడు. అతను రెండు చేతులూ పైకెత్తి చూపించాడు — నేను కాదు అని.

మళ్లీ దగ్గు. ఆగి... ఆగి... గొంతు చీరుకుపోయేటట్టు. అదే దగ్గు. చివర అదే ఈల.

ఎవరో ఆడపిల్ల కెవ్వుమంది. అంతే. ఎంతసేపటి నుంచో దెయ్యాన్ని రా రా అని పిలిచినవాళ్లు ఒకరినొకరు తొక్కుకుంటూ రోడ్డు మీదకి పరిగెత్తారు. కుర్చీలు విరిగాయి. చెప్పులు, ఫోన్లు, నీళ్ల సీసాలు. తెల్లచీర అమ్మాయిని ఎత్తుకున్నవాళ్లు వదిలేసి పోతే, కొంగు కాళ్లకి చుట్టుకుని పడి, లేచి, ఆమె కూడా పరిగెత్తింది.

 యలమందకీ పోదామనే ఉంది. కానీ తోమా లోపల ఉన్నాడు. తీసుకొచ్చింది తను.

ఫోను లైటు వేసుకుని లోపలికి అడుగుపెట్టాడు.

ముందు కంపు. ఏళ్ల కింద మాడిన మిర్చి, గబ్బిలాల రెట్ట, వాటి మీద వెచ్చగా ఉచ్చకంపు. కాలికింద తడి. గోడలకి మసి వేలు మందాన. లైటు పడ్డంత మేరే కనపడుతోంది. దాటితే చీకటి.

మొదటి గది. ఎవరూ లేరు.

రెండో గది. గోడకి ఆనించి బీరు సీసాలు.

దగ్గు — ఈసారి పక్కనే. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర...

యలమంద ఫోను తిప్పాడు.

మూలలో ఒక ఆకారం. మోకాళ్ల మీద కూచుని, తల కిందికి వంచి, రెండు చేతుల్తో నేలని... ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.

"ఎవరు?" అన్నాడు.

ఆకారం తల తిప్పింది.

తోమా.

భుజం మీద తువ్వాలు తీసి, దాంతో నేల తుడుస్తున్నాడు. దగ్గొచ్చినప్పుడు ఆగుతున్నాడు. దగ్గు ఆగాక మళ్లీ తుడుస్తున్నాడు. తువ్వాలు తడిసి కారుతోంది.

"ఏంటన్నా ఇది... లే."

"ఇక్కడే యలమందా," అన్నాడు తోమా. "సమాధుల తోటలో పెట్టింది గుప్పెడు బూడిదే. మిగతా మనిషంతా ఇక్కడే ఉంది. ఈ మూలే. ఆ రోజు నేనూ లోపలికొచ్చా. ఆ గుమ్మందాకా వచ్చా. పొగకి ఇంక ముందుకి రాలేకపోయా."

అతను ముక్కముక్కలుగా చెబుతుంటే అప్పుడు తెలిసింది యలమందకి. ఆ గొంతు ఎందుకలా అయిందో, ఆ దగ్గు ఎక్కడిదో. పని దిగి ఇంటికి పోయేముందు తోమా రోజూ ఇక్కడికి వచ్చి కూచుంటాడు. ప్రార్థన చేసుకుంటాడు. పగలు వస్తే జనం అడుగుతారని, జాలిపడతారని, చీకటి పడ్డాకే వస్తాడు. లోపల మసి గొంతుకి తగిలి దగ్గొస్తుంది. రోడ్డు మీద పోయేవాళ్లు దెయ్యం అనుకుని పారిపోతున్నారని అతనికి తెలుసు. పోనీలే, ఎవరూ రారు అనుకున్నాడు.

"మొన్న వీడియోలో దగ్గు..." అన్నాడు యలమంద.

"ఎవరో వచ్చి వైర్లు పెట్టుకున్నారు ఒకరోజు. నన్ను చూళ్లేదు. నేనూ కదల్లేదు." తోమా కొంచెంసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "ఇందాక అందరి చేతా దగ్గించారే... అది నాదేగా?"

 యలమంద తన చొక్కా విప్పాడు. వెనక పెద్ద అక్షరాల్లో గరుకు అని రాసున్న చొక్కా. వంగి, దాంతో తనూ తుడవడం మొదలెట్టాడు.

ఇంతలో అడుగుల చప్పుడు. లైట్లు. శ్రీకృష్ణ, అతని వెనక ఇద్దరు బౌన్సర్లు, ఫోనులో వీడియో తీస్తూ ఒకడు. శ్రీకృష్ణ మొహం పాలిపోయి ఉంది. తోమాని, యలమందని చూశాక రంగు తిరిగి వచ్చింది.

"యలమందన్నా, నువ్వా? ప్రాణం పోయింది కదా." తోమా వైపు చూశాడు. "ఈయనెవరు?"

యలమంద చెప్పాడు. అంతా చెప్పాడు. ఎలీసమ్మ సంగతి, తోమా సంగతి, ఈ మూల సంగతి. చెబితే ఈ కుర్రాడు తల వంచుకుంటాడు, ఆ వినుకొండ వానలో కావలించుకున్నవాడు ఈయన్ని కూడా కావలించుకుంటాడు... అంతవరకూ ఆశ ఉందండీ నాకు, అన్నాడు.

శ్రీకృష్ణ విన్నాడు. కళ్లు మెరిశాయి.

"అంటే మా ట్రాక్‌లో ఉన్నది ఈయన దగ్గేనా? అబ్బ... వచ్చే నెల తాడేపల్లిలో షో ఉంది. పెద్దాయనా, నువ్వు రా. పాడక్కర్లా, మైకు ముందు నిలబడి దగ్గితే చాలు. ఆ చివర్న ఈల వస్తుంది చూడు, అది ఎవడి వల్లా కాదు." పక్కవాడితో, "తీస్తున్నావా?" అన్నాడు.

తోమా తల ఎత్తాడు. అతని మొహం చూడలేదు, కాళ్లవైపు చూశాడు.

"కొంచెం పక్కకి జరుగు బాబూ," అన్నాడు. "ఆమె మీద నిలబడ్డావు."

శ్రీకృష్ణ జరిగాడు. జరిగి, బూటు పైకెత్తి అడుగున లైటు వేసి చూసుకున్నాడు. తడి. మొహం చిట్లించి, "ఛీ," అన్నాడు. ఆ బూటుని గోడకేసి రాసి, మళ్లీ చూసుకుని, మళ్లీ రాశాడు.

యలమంద లేచాడు. కొడదామనే లేచాడట. కానీ ఆ మొహం దగ్గరికి వెళ్లేసరికి, ఇందాక పెదవి మీద పడ్డ తుంపర గుర్తొచ్చింది. నోట్లో జిగటగా ఊరింది. బయటికి పరిగెత్తి పత్తిచేను గట్టుమీద కూలబడి కక్కాడు. సాయంత్రం తిన్నదంతా పోయింది.  ఇన్నేళ్లు ఆ పాటలు విన్న చెవుల్ని కూడా కడుక్కోవాలనిపించిందండీ, అన్నాడు.

తెల్లారేసరికి వీడియో వచ్చేసింది. తోమా లేడు అందులో. చీకటి గది, దగ్గు, పరిగెత్తే జనం — అంతవరకే. దెయ్యం నిజమేనని నమ్మించడానికి ఎక్కడ కోయాలో అక్కడ కోశారు. యలమంద ఫోను చేసి తీసేయమని అడిగాడు. రెండుసార్లు ఎత్తారు. తర్వాత ఎత్తలేదు.

ఇప్పుడు బయటి ఊళ్లవాళ్లకి కాలిన ఏసీ అంటే భయం పోయింది. కార్లలో వస్తున్నారు. మూలమూలకీ ఫోన్లు పెడుతున్నారు. దగ్గు వినపడకపోతే వాళ్లే దగ్గి, ఎలీసమ్మ దగ్గిందని పెట్టుకుంటున్నారు.

తోమాకి కూచునే చోటు లేకుండా పోయింది.

ఒక ఆదివారం వేకువన వాళ్లిద్దరే పలుగూ పారా పట్టుకుని వెళ్లారు. ఆ మూల మట్టి తవ్వారు. నల్లటి మట్టి, మసి, కాలిన గింజలు. రెండు మిర్చి గోతాల్లోకి ఎత్తి, మూతి కుట్టి, వ్యానులో పెట్టుకుని సమాధుల తోటకి తెచ్చారు. గుడికి వచ్చిన నలుగురు ఆడవాళ్లు, పాస్టరుగారు వచ్చి నిలబడ్డారు. ఎలీసమ్మ గుప్పెడు బూడిద ఉన్నచోటే పెద్ద గొయ్యి తీశారు.

గోతాం మూతి విప్పి వంచగానే ఘాటు లేచింది. అన్నేళ్ల నాటి మంట... అప్పుడే కాలినట్టు. పాస్టరుగారు వాక్యం మధ్యలో ఆపి దగ్గారు. ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని దగ్గారు. యలమందకి కళ్లు కనపడలేదు, పార వదిలేసి దూరంగా పోయి నిలబడ్డాడు.

తోమా గొయ్యి అంచున మోకాళ్ల మీద కూచుని, మొహం ఆ మట్టి మీదకి వంచి, రెండు చేతుల్తో నెమ్మదిగా లోపలికి సర్దుతున్నాడు. పైకి లేస్తున్న ఆ ధూళంతా అతని మొహం మీదుగానే పోతోంది.

అందరూ దగ్గుతున్నారు. అతనొక్కడు దగ్గలేదు.

"తోమాకి దగ్గెందుకు రాలేదంటారు?" అని అడిగాడు యలమంద నన్ను, గుంటూరు యార్డు గేటు ముందు వ్యాను ఆపి.